కూర్మారావు ముగ్గురు గురువులు

ఇనపగనుల ఊరు బచేలీలో, స్టేషను బయట ఇర్మె నడిపే టీకొట్టు దగ్గర ఆ సాయంత్రం కూర్మారావు నోరు తెరిచాడంటే కారణం లేకపోలేదు. రైల్వే కాలనీ వినాయకుడి పందిట్లో ఆఖరి రోజు వేదిక ఎప్పుడూ అతనిదే. ఒంటినిండా ఎర్రటి ఇనపరాయి ధూళి పూసుకుని, ఒక్క మాటా పలక్కుండా, ఒక్కడే రైలవుతాడు, విగ్రహమవుతాడు, కత్తి పట్టిన వీరుడవుతాడు. ఈ ఏడు మాత్రం పందిరి కమిటీ సెక్రెటరీ భూషణం, విశాఖపట్నం నుంచి ఆర్కెస్ట్రాని పిలుద్దామంటున్నాడు. కూర్మారావేమో అల్లుడి ఆట చూడ్డానికి రమ్మని ఎస్.కోటలో ఉన్న మావగారికి అప్పుడే కబురంపేశాడు. తీరా ఆయనొచ్చేసరికి తను లైట్ల తీగలు కడుతూ కనబడాలేమోనని అతని బెంగ.

"ఆర్కెస్ట్రా వాళ్ళకి గురువులుంటారు, సాధన ఉంటుంది. నీకీ గెంతులన్నీ ఎక్కణ్ణించి వచ్చాయోయ్?" అన్నాడు భూషణం టీ ఊదుకుంటూ.

అడగడమే ఆలస్యం.

"నాకు ముగ్గురు గురువులు బాబూ. సంగీతం నేర్పింది ఇనపరాయి మోసీ ఐరనోరు బండి. లైను బాగుసేసీ గేంగులో కొత్తగా సేరినప్పుడు పట్టాల పక్కన కూకోని సక్రాల సప్పుడికి కాలు ఆడించీవోడ్ని, అంతే. ఆడించగా ఆడించగా నోటితో కూడా వొచ్చీసినాది. ఓపాలి కూత ఏస్తే గేటోడు గేటు మూసీసినాడు."

"అంతవరకూ నిజవే," అన్నాడు గేంగులో అతని జతగాడు పైడయ్య. "మనిద్దర్నీ తిట్టినాడు కూడాను."

"ఆ తర్వాత ఏటయిందో తెల్సా? కిరండూల్ యార్డులో ఇంజనే తగిలించని లోడు బండి, నా కూత ఇని కదిలిపోనాది! నాను ముందు నోటితో తాళం ఏసుకుంటూ నడుస్తన్నాను, అది నా ఎనకాల కుక్కపిల్లలాగ వొస్తంది. అరకు సొరంగాలన్నీ దాటీసినాం. నాను దగ్గితే బ్రేకు, తుమ్మితే ఇజిలు. ఇశాపట్నం రేవులోకి ఎల్లేసరికి, ఇనపరాయి కోసం వొచ్చిన జపాను ఓడ నన్ను సూసి తిరుగు కూత ఏసినాది."

"దారిలో బండి ఆపి అన్నం తిన్నావా భయ్యా?" అంది ఇర్మె.

"ఆపితే ఎనకున్న పాసింజరు లేటయిపోదేటి?"

భూషణం మీసం చాటున నవ్వాడు. అది చూసి కూర్మారావుకి ప్రాణం లేచొచ్చింది. బల్ల చివర సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అతని అక్క చిన్నమ్మి మాత్రం, వీడు మొదలెట్టాడంటే ఇంటికెళ్ళేది ఎప్పుడో అని నిట్టూర్చింది.

"బొమ్మలాగ నిలబడ్డం నేర్పింది కొండగావ్ ఇత్తడిబొమ్మలోళ్ళు బాబూ. ముందు మట్టిబొమ్మ సేస్తారు, దానికి మైనం తీగలు సుడతారు, పైన మళ్ళీ మట్టి మెత్తి, కొలిమిలో పెట్టి మైనం కరగబెట్టి, ఆ సందులో కరిగిన ఇత్తడి పోస్తారు. ఆళ్ళ వాకిట్లో ఆ మట్టిబొమ్మల పక్కనే కదలకుండా నిలబడి సాధన సేసినాను. ఆ తర్వాత ఏటయిందో తెల్సా? ముసలాయన నన్నూ బొమ్మే అనుకోని పాదాల కాడ్నించి మైనం సుట్టీసినాడు! నాను కదల్లేదు. కదిలితే కళ ఏటయిపోద్ది? మట్టి మెత్తినాడు, కదల్లేదు. కొలిమిలో పెట్టీసినాడు..."

"పెట్టీసినాడా!" అన్నాడు పైడయ్య.

"ఇత్తడి కూడా పోసీసినాడు! సల్లారినాక మట్టి పగలగొడితే ఇద్దరం వొచ్చినాం, నానూ, నా ఇత్తడిబొమ్మానూ. ఎవరు బొమ్మో, ఎవరు మనిసో తేల్చుకోలేక ఆ ముసలాయన ఇద్దరికీ టీ ఇచ్చినాడు."

"ఇద్దరూ తాగారా?" అన్నాడు భూషణం.

"నా బొమ్మకి పంచదార సాల్లేదంట బాబూ."

ఇంక కూర్మారావుని పట్టుకోడానికి లేదు. లేచి నిలబడి, ఇర్మె చేతిలో గరిట లాక్కున్నాడు.

"కత్తి తిప్పడం నేర్పింది సినిమా! టౌన్‌షిప్పు మైదానంలో తెర కట్టి ఏసిన ప్రతి బొమ్మా సూసినాను. ఓపాలి చిత్రకోట జలపాతం కాడ బొంబాయోళ్ళు సినిమా తీస్తంటే, ఆళ్ళ హీరోకి కత్తి తిప్పడం సేతకాలేదు. నన్ను పిలిచినారు. నాను తిప్పిన గాలికి జలపాతం ఆగిపోనాది. ఆగడవేటి, ఎనక్కి కొండెక్కిపోనాది! ఇంద్రావతిలో సేపలు గాలిలో నిలబడి సూసినాయి. డైరెట్రు నా కాళ్ళ మీద పడిపోయి, 'ఎడంసేత్తో తిప్పుతున్నావు, ఈ ఇద్య ఎక్కడిదయ్యా?' అన్నాడు. 'పెద్దపెద్ద హీరోలందరూ ఎడంసేతోళ్ళే, ఎల్లి సూసుకో' అన్నాను." అని గరిట ఎడంచేత్తో గిరగిరా తిప్పాడు.

భూషణం గ్లాసు కింద పెట్టాడు. "ఎడంచెయ్యేమిటోయ్? మైదానంలో వేసిన సినిమా నేను ఒక్కటీ వదల్లేదు. ఒక్క హీరో కూడా ఎడంచేత్తో కత్తి పట్టలేదే!"

కూర్మారావు నిర్ఘాంతపోయాడు. అంతసేపూ చెప్పినవాటిలో అతను గుండె మీద చెయ్యేసుకుని నమ్మింది ఆ ఒక్కటే. "ఇది మాత్రం నిజం బాబూ, అమ్మతోడు! నా రెండు కళ్ళతో సూసినాను!"

"ఒరే తమ్ముడా," అంది చిన్నమ్మి, "బాబుగారికి టౌన్‌షిప్పోళ్ళు ఇచ్చిన కార్డుంది, తెర ముందు కుర్చీలో కూకోని సూసినారు. కార్డు లేనోళ్ళం మనం తెర ఎనకాల నేలమీద కూకున్నాం కదరా. గుడ్డ అవతల్నుంచి సూస్తే కుడీ ఎడమా తారుమారయిపోవేటి?"

గరిట కిందికి దిగిపోయింది. ఇన్నేళ్ళూ చెయ్యి పీకేలా చేసిన సాధన తలుచుకుంటే కూర్మారావుకి ఏడుపొచ్చినంత పనైంది.

పైడయ్య మాత్రం బల్ల మీంచి ఎగిరి లేచాడు. "అయితే ఆ హీరోలు ఎడంసేత్తో తినలేదేటి? గొప్పింటోళ్ళు అలాగే తింటారనుకోని, పెళ్ళిసూపుల్లో నానూ ఎడంసేత్తో అట్టు తిన్నాన్రా! అందుకేనేటి ఆ సమ్మందం తప్పిపోనాది?"

భూషణానికి పొలమారింది. దగ్గి, నవ్వి, కళ్ళు తుడుచుకుని, "ఆర్కెస్ట్రా వచ్చినా నన్నింత నవ్వించలేదు. ఆఖరి రోజు నీదేలే," అన్నాడు.

"బాబూ! ఈలోపల కుడిసేతికి మార్చీసుకుంటాను, సూడండి!"

"మార్చకు," అంది చిన్నమ్మి సంచి భుజాన వేసుకుని. "పందిట్లో సగం మంది తెర ఎనకాల కూకున్నోళ్ళేరా. కుడిసేత్తో తిప్పినావంటే, ఈడికి కత్తి పట్టడమే రాదంటారు."