వానలో తగ్గిన నీరు

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహించిన ఇంజనీరుగారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న కింది వీధి వాళ్ళకు, కుర్చీలు దొరక్క గోడకు ఆనుకుని నిలబడ్డ స్నేహితులకు, అందరికీ నమస్కారం.

ఆరేళ్ళలో నేను తనతో ఆరు మాటలు మాట్లాడి ఉంటానని ఇంజనీరుగారు ఇందాక అన్నారు. మా ఆవిడను అడిగితే, ఆయన అదృష్టవంతుడు, అన్ని మాటలు విన్నాడు అంటుంది. (నవ్వులు) ఆమె లోపల కూర్చోలేదు. వరండా తలుపు దగ్గర నిలబడి ఉంది, చూడండి. ఈ హాలు గట్టు మీద ఉంది కాబట్టి అక్కడి నుంచి వాగులో పాతిన నా కొలబద్ద కనబడుతుంది. మధ్యమధ్య ఆమె చెయ్యి ఎత్తుతుంది. అది నాకు ఇక చాలించమని చెప్పడానికి కాదు. ఎన్ని వేళ్ళు చూపిస్తే, మధ్యాహ్నం నుంచి నీరు అన్ని సెంటీమీటర్లు తగ్గిందని అర్థం. ఇప్పుడు మూడు చూపిస్తోంది. బయట మూడు రోజులుగా వాన పడుతోంది. ఆ రెండు మాటలూ మీరు మనసులో పెట్టుకోండి, ఎందుకో చెబుతాను.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. దశాంశాలు ఈ కొలబద్ద మీదే నేర్చుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి మెట్లు దిగి నీటిమట్టం చూసి ఆఫీసు రిజిస్టర్లో రాశాను. రిజిస్టర్లో మూడే గళ్ళు: వేళ, మట్టం, వాన. మిగతావన్నీ నా సొంత నోటు పుస్తకంలోకి వెళ్ళాయి. వంతెన పక్కన చాపంత వెడల్పు రాయి ఒకటి ఉండేది. రోజూ దాని పక్కనున్న చిన్న రాయిని తిప్పి, అడుగున అంటుకున్న పురుగులను లెక్కపెట్టి, మళ్ళీ ఎలా ఉందో అలాగే పెట్టేవాణ్ణి. ఇదేం పిచ్చి అని గార్డు, అంటే మన అడవి గార్డు, నన్ను ఆటపట్టించేవాడు. "ఏమయ్యా, ఇవాళ అందరూ హాజరేనా?" అనేవాడు. (నవ్వులు) మొదటి పుస్తకంలో ఆ పురుగులు ముప్పైకి తగ్గలేదు. వాటిని తినే చేపపిల్లలు, చేపపిల్లలను తినే లకుముకి పిట్ట, అన్నీ ఆ పేజీల్లో ఉన్నాయి.

పై కొండ మీద చెట్లు కొట్టడం మొదలైన ఏడాది నీళ్ళలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. నీడ పోయింది కదా. ఆ తర్వాతి వానాకాలం మట్టి దిగింది. గులకరాళ్ళ మధ్య సందులుంటాయి, చేపలు గుడ్లు పెట్టేది అక్కడే; ఆ సందులన్నీ సిమెంటు పూసినట్టు పూడుకుపోయాయి. పురుగులు పన్నెండయ్యాయి. పైన గని తెరిచాక నాలుగయ్యాయి, నీటికి తుప్పు రంగు వచ్చింది, అది కూడా రోజూ పదకొండు దాటాకే, వాళ్ళు ఖనిజం కడిగిన నీళ్ళు ఇక్కడికి చేరే వేళకు. పన్నెండింటికి నేను ఎర్రనీళ్ళలో నిలబడి మట్టం రాసేవాణ్ణి. రంగుకు గడి లేదు. ఒకరోజు ఆ చాపంత రాయి కూడా కనబడలేదు. ఎవరూ ఎత్తుకుపోలేదు, అక్కడే ఉంది, మట్టి కింద.

వాగు అడుగుభాగం అంత పైకి లేచింది. కొలబద్ద మాత్రం ఎప్పటిలాగే మీటరు ఇరవై చూపించింది. పాతరోజుల్లో మీటరు ఇరవై అంటే నా నడుము దాకా నీళ్ళు. ఇప్పుడు మోకాలి దాకా నీళ్ళు, కింద అంతా బురద. పై ఆఫీసులో కాగితం చూసినవాళ్ళు వాగు బాగానే ఉందనుకున్నారు. కాగితం మీద సంతకం నాది.

(విరామం)

వేళ్ళు నాలుగయ్యాయి. ఇంజనీరుగారూ, చూస్తున్నారు కదా.

మధ్యాహ్నం మీతో అన్నదే ఇక్కడ అందరికీ చెబుతున్నాను. వాన పడుతుంటే వాగు పెరగాలి. తగ్గుతోందంటే పైన ఎక్కడో నీరు ఆగిందన్నమాట. గనివాళ్ళు పంపు వేసి తోడుకుంటున్నారేమో, కంగారు పడకు, ఇవాళ నీ సభ, హాయిగా కూర్చో అన్నారు మీరు. అయి ఉండవచ్చు. గార్డును పైకి పంపాను. అతను వెళ్ళి రెండు గంటలైంది, ఫోను కలవడం లేదు. అక్కడ ఫోను ఎప్పుడూ కలవదు, నిజమే. కానీ నాకు భయంగా ఉంది. వేళ్ళు అయిదు దాటితే నేను చెప్పాల్సింది చెబుతానన్నాను, మీరు సరేనన్నారు. ఆలోపు, నేను ఎందుకింత భయపడుతున్నానో వినండి. నా భార్య కూడా వినాలి. ఆమెకు ఇది చెప్పి ఉండాల్సింది పదకొండేళ్ళ క్రితం.

ఆ ఏడాది వరద మీకందరికీ గుర్తుంది. అసాధారణ వర్షం అని నివేదికలో రాశారు. ఆ రోజు పొద్దున కూడా వాన పడుతోంది. ఆరింటికి చూశాను, ఎనిమిదింటికి మనసాగక మళ్ళీ దిగి చూశాను, తొమ్మిది సెంటీమీటర్లు తగ్గింది. వానలో నీరు తగ్గడమేమిటి అనుకున్నాను. అనుకుని, నోటు పుస్తకంలో రాసి, కింద గీత గీశాను. రిజిస్టర్లో ఎనిమిదింటికి గడి లేదు. మెట్లెక్కుతుంటే మా బావమరిది ఎదురొచ్చాడు, తాపీ మేస్త్రీ, మీ ఇళ్ళలో సగం గోడలు అతను కట్టినవే. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, "బావా, వాగెలా ఉంది? వంతెన మీంచి పోనా, చుట్టూ తిరిగి పోనా?" అని అడిగాడు.

"తగ్గుతోంది" అన్నాను.

"అబ్బ, నీ నోట మంచిమాట వచ్చిందయ్యా ఇవాళ" అని నవ్వి వంతెన వైపు వెళ్ళిపోయాడు.

(విరామం)

నేను అబద్ధం చెప్పలేదు. అంకె సరైనదే. అది ఎందుకో నాకు తేడాగా అనిపించిందన్న రెండో మాట నా నోట రాలేదు. ఇరవై నిమిషాలకు దుంగలు, కొమ్మలు, మట్టి కలిసి గోడలా వచ్చాయి. అతను మళ్ళీ ఇల్లు చేరలేదు. ఆ చప్పుడు నేను ఇప్పటికీ వింటూనే ఉన్నాను. వారం తర్వాత గార్డు నన్ను పైకి తీసుకెళ్ళి చూపించాడు. దుంగల లారీల కోసం వేసిన రోడ్డు కింద ఒక తూము ఉంది. చెట్లు కొట్టినవాళ్ళు వదిలేసిన కొమ్మలు దానికి అడ్డం పడ్డాయి. గని మట్టి గుట్ట జారి వాటి మీద కూర్చుంది. వెనక చెరువంత నీరు నిలిచి, ఒక్కసారి తెగింది. "నీ పుస్తకంలో ఏముంది?" అని గార్డు అడిగాడు. చూపించాను. నన్ను ఇంకెవరూ అడగలేదు, నేనూ ఎవరికీ చూపించలేదు. ఆ తూము ఇప్పటికీ అదే. మట్టి గుట్ట అప్పటికన్నా మూడింతలైంది.

రేపటి నుంచి నా పని మీటరు చేస్తుంది. మంచి యంత్రం, పావుగంటకోసారి చూస్తుంది, నాలా నిద్రపోదు. దాన్ని బిగించిన మెకానిక్కును అడిగాను, నీరు పెరిగితే ఏం చేస్తుందని. గంట మోగిస్తుందన్నాడు. తగ్గితే అన్నాను. "తగ్గితే మంచిదేగా మాస్టారూ!" అన్నాడు. అతన్ని తప్పు పట్టను. మా బావమరిదీ అలాగే అనుకున్నాడు. అందుకే ఇవాళ నీరు ఇంత తగ్గినా ఆ మీటరు నోరు మెదపలేదు. నాలాగే తయారైంది.

మీరిచ్చిన గోడ గడియారానికి, నా గురించి అన్న మంచి మాటలకు చాలా కృతజ్ఞతలు. రాసుకొచ్చిన కాగితంలో ఇంకా చాలామంది పేర్లున్నాయి, జేబులోనే ఉండనివ్వండి.

ఆమె రెండు చేతులూ ఎత్తింది. ఏడు. కాదు, ఎనిమిది.

నా వైపు చూడటం లేదు. చూడకపోయినా లెక్క తప్పకుండా చూపిస్తోంది. ఆమె నాతో ఏమనాలనుకున్నా ఇంటికెళ్ళాక అంటుంది, నేను కూర్చుని వింటాను, ఈసారి నేనూ మాట్లాడతాను.

కింది వీధి వాళ్ళు ముందు లేవండి. టీ తర్వాత తాగవచ్చు. ఎవరూ వంతెన ఎక్కకండి, పై రోడ్డు మీదుగా వెళ్ళి ఇళ్ళలో ఉన్న పిల్లలను, పెద్దవాళ్ళను తీసుకుని బడి గుట్ట ఎక్కండి. సామాన్ల కోసం ఆగకండి. వాగు తగ్గిందిగా అని దారిలో ఎవరైనా అంటే, అందుకే వెళుతున్నామని చెప్పండి. ఇంజనీరుగారూ, సైరన్ గది తాళం మీ జేబులో ఉంది. మోగించండి. ఏమీ జరగకపోతే రేపు ఊరంతా నన్ను చూసి నవ్వుకోవచ్చు. మీ అందరికన్నా ముందు నేనే నవ్వుతాను.

పరుగెత్తకండి, తలుపు చిన్నది. లేవండి. సెలవు.