పైన కాసేపు ఆపన్నా

మబ్బు పట్టిన మధ్యాహ్నం. ఊరి నడిమధ్య జెయింట్ వీల్ గేటు దగ్గర దాన్ని నడిపే మనిషి, ఒకావిడ.

“ఒంటరిగా వచ్చినవాళ్ళని ఎక్కించనమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?”

“టికెట్టు కొన్నాను కదన్నా.”

“ఆ టికెట్టు వెనకే రాసుంది, చదువుకో. డబ్బాకి ఇద్దరైనా ఉండాలి. పైగా గాలి లేస్తోంది. ఇంకాసేపట్లో సైరన్ మోగిస్తారు, మూసేస్తాం. రేపు రా. ఎవర్నైనా వెంటబెట్టుకుని రా.”

“రేపొచ్చి ఏం చూడను?”

“ఏం చూడనంటావేంటి! పైనుంచి చూస్తే ఊరు ఊరంతా కాళ్ళ కింద ఉంటుంది. ఇటు కోట, అటు నది, మధ్యలో మ్యూజియం గుమ్మటం. పక్కపక్కనే అన్ని మతాల గోపురాలూ. ఆ పక్కన పది భాషల్లో బేరాలాడే సంత. ఎక్కడెక్కడి జనమో సముద్రాలు దాటొచ్చి మరీ చూసిపోతున్నారు. ఏం చూడనంటుందేంటి!”

“అవన్నీ ఎక్కానన్నా. గడియారం స్తంభం ఎక్కాను, నాణెం వేసి దుర్భిణీలో చూశాను. కోట గోడ మీద ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచాను. పడవెక్కాను. మ్యూజియం గుమ్మటం మెట్లెక్కి కళ్ళు తిరిగి పడ్డాను. ఈ ఊళ్ళో చూడాల్సినవన్నీ చూసేశాను. ఎక్కణ్ణుంచీ కనపడలేదు.”

“ఏది?”

“...ఒక మేడ.”

“మేడా? ఊరంతా మేడలేగా.”

“నాక్కావలసింది ఒక్కటే. అది నీ చక్రం పైనుంచే కనపడుతుంది. నీ కాళ్ళు పట్టుకుంటా—”

“అయ్యో అయ్యో, లే! నలుగురూ చూస్తే నన్నంటారు. లే ముందు. ఆగు... ఆగాగు. నువ్వు బుధవారాలు వచ్చే మనిషివి కదూ? ఎవరిదో ఒక కుటుంబం వెనకాల చేరి, వాళ్ళ చుట్టంలా ఎక్కేస్తావే, నువ్వే కదూ?”

“నేనే.”

“అనుకున్నా! ఒకసారి ఎవరిదో పెళ్ళి గుంపులో కూడా దూరావ్. వాళ్ళ భాష నీకు రాదు, నీ భాష వాళ్ళకి రాదు. ఫోటో దిగుతూ నిన్ను కూడా లాగి మధ్యలో నిలబెట్టారు. నేను నవ్వాపుకోలేక చచ్చాను.”

“ఇవాళ ఎవరూ లేరన్నా. గాలికి భయపడి ఎవరూ రాలేదు.”

“లేరు కాబట్టే వద్దంటున్నా. వెనకటికి ఒకతను ఒంటరిగా ఎక్కాడు. పైకెళ్ళాక... వద్దులే. ఆ రోజు నుంచే ఈ రూలు. ఆ రోజు స్విచ్ దగ్గరున్నది నేనే.”

“నేను దూకడానికి రాలేదు.”

“అతనూ నవ్వుతూనే ఎక్కాడమ్మా.”

“నేను నవ్వట్లేదుగా!”

“అదే నా భయం.”

“అయితే నువ్వూ ఎక్కు. ఇద్దరమవుతాం.”

“నేనా? మరి స్విచ్ ఎవరు నొక్కుతారు, మా తాతా?”

“ఆ గదిలో ఒకాయన కూర్చుని టీ తాగుతున్నాడుగా.”

“వాడు మా బామ్మర్ది. వాడి చేతికి చక్రం అప్పగిస్తే కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టే.”

“అన్నా, అక్కడ ఆ మేడ ముందు లారీ ఆగుంది. పొద్దున్నుంచి సామాను ఎక్కిస్తున్నారట, ఆ వీధిలో ఇస్త్రీ చేసే ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. ఏ ఊరు పోతున్నారో ఆవిడకీ తెలియదు. ఇప్పుడు చూడకపోతే నా బిడ్డని ఇంకీ జన్మలో చూడను.”

“...బిడ్డా?”

“నా కూతురు.”

“ఆ ముక్క ముందే చెప్పొద్దూ! ఒరే బామ్మర్దీ! ఇటు తగలడు. స్విచ్ దగ్గర కూర్చో. నేను పైకెళ్తున్నా.”

“నువ్వా బావా? కుర్చీ ఎక్కి బల్బు మార్చమంటేనే కళ్ళు తిరుగుతాయంటావ్! ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా ఎక్కావా దీన్ని?”

“నోర్మూసుకుని కూర్చో. మేం పైకెళ్ళాక ఆపి, నేను చెప్పేదాకా అలాగే ఉంచు. సైరన్ మోగితే మాత్రం నన్నడక్కు, దించెయ్. వాకీటాకీ దగ్గర పెట్టుకో. రామ్మా. తలొంచుకో, గుమ్మం తగులుతుంది.”

“నీ మేలు మర్చిపోనన్నా.”

“మేలు సంగతి దిగాక చూద్దాం. తలుపు గడియ నేనే వేస్తా. నువ్వు ముట్టుకోకు.”

“...కళ్ళు మూసుకున్నావేంటన్నా?”

“ఏం లేదు. ఎడం పక్క కోట ఉండాలి. ఉందా?”

“ఉంది.”

“దాని బురుజులు ఎన్నో, ఎవరు కట్టించారో చెప్పనా? రోజూ గైడ్లు చెప్తుంటే విని విని నోటికొచ్చేసింది. భయమేస్తే నోరు ఊరుకోదు నాకు.”

“ఊరు వద్దన్నా. నాకొక్క మేడ చాలు.”

“అయితే నువ్వు మాట్లాడు. ఎవరో ఒకరు మాట్లాడకపోతే నేనిక్కడే పోయేలా ఉన్నా. పిల్ల నీ దగ్గరెందుకు లేదు?”

“నాకు జబ్బు చేసిందన్నా. మనసుకి. పిల్లకి అప్పుడు ఐదో ఏడు. పొద్దస్తమానం ఏడ్చేదాన్ని, తలుపేసుకుని పడుకునేదాన్ని. పిల్ల తలుపు కొట్టి కొట్టి అక్కడే నిద్రపోయేది. ఆసుపత్రిలో పెట్టారు, చాలాకాలం ఉంచారు. నయమై ఇంటికొస్తే మా ఆయన గుమ్మంలోనే ఆపేశాడు. నువ్వు చచ్చిపోయావని పిల్లకి చెప్పేశాం, ఇంక రాకు అన్నాడు.”

“ఓరి వాడి— కట్టుకున్న పెళ్ళాం బతికుండగానే!”

“మా అత్తగారి సలహా. అమ్మ ఆసుపత్రిలో ఉందంటే పిల్ల రోజూ తీసుకెళ్ళమని ఏడ్చేదట. చచ్చిపోయింది, ఆకాశంలో ఉంది, అక్కణ్ణుంచి నిన్ను చూస్తుంటుంది అంటే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటుందని.”

“పోలీసులకి చెప్పొచ్చుగా? కోర్టుకెళ్ళొచ్చుగా?”

“పిచ్చిదాని మాట ఎవరు వింటారన్నా? ఆయన దగ్గర డాక్టర్ల కాగితాలున్నాయి. పిల్ల కంట పడ్డావంటే ఊరొదిలి పోతాం, ఎంత వెతికినా దొరకం అన్నాడు. పడలేదు. ఏడాదిగా నోరు కుట్టేసుకుని బతికాను. హోటల్లో దుప్పట్లు ఉతుక్కుంటూ, బుధవారం సెలవిస్తే ఇక్కడికొచ్చి... బడి నుంచొచ్చి మేడ మీద తాడాట ఆడుతుంది. ఇక్కణ్ణుంచి చీమంత కనపడుతుంది. చీమంతైతేనేం, అది నా బిడ్డేగా! నేను మాట నిలబెట్టుకున్నానన్నా. అయినా తీసుకుపోతున్నారు. అయినా తీసుకుపోతున్నారు!”

“బావా, పైకొచ్చేశారు. ఆపేశా.”

“ఆపే ఉంచు. ఊగుతోందేంట్రా!”

“గాలి బావా. నేనేం ఊపట్లేదు.”

“చూడమ్మా, చూడు. కనపడిందా?”

“నీలం రంగు నీళ్ళ ట్యాంకు... దాని పక్క సందు... అదే. అదే మేడ.”

“పాప ఉందా?”

“లేదు.”

“సరిగ్గా చూడు.”

“లేదన్నా. తీగ మీద బట్టల్లేవు. కిటికీలకి తెరల్లేవు.”

“లారీ?”

“లేదు. వీధి ఖాళీగా ఉంది. వెళ్ళిపోయారన్నా. కింద నేను నిన్ను బతిమాలుతుంటే, అప్పుడే... అప్పుడే వెళ్ళిపోయుంటారు.”

“నా నోరు పడిపోను. రూలు రూలని నేనే...”

“ఎటు పోయారు? వంతెన మీద చూడు! నువ్వు కూడా చూడన్నా, కళ్ళు తెరువు! పచ్చ లారీ అంది ఇస్త్రీ ఆవిడ.”

“చూస్తున్నా, చూస్తున్నా... అన్నీ లారీలేనమ్మా. దేవుడా, ఇంతుందేంటి ఈ ఊరు!”

“ఇంత ఊళ్ళో నాకొక్క మేడ మిగిలింది. అదీ పోయింది. ఇంక నేనెందుకన్నా? బుధవారం వస్తే ఎక్కడికెళ్ళాలి? ఎవర్ని చూసుకోవాలి? ఎందుకు బతకాలి?”

“అమ్మా, తలుపు మీంచి చెయ్యి తియ్.”

“దూకనన్నాగా. దూకడానికైనా ఓపికుండాలి.”

“తియ్యి తల్లీ. ఇలా వచ్చి నా పక్కన కూర్చో. చెయ్యి పట్టుకో. నీకోసం కాదు, నాకోసమే. మాట్లాడు నాతో. పాప ఎలా ఉంటుంది? చెప్పు.”

“బక్కగా. పొద్దున వేసిన జడ మధ్యాహ్నానికి ఊడదీసుకుంటుంది. ఏది చేసినా ఎడం చేత్తోనే. గడ్డం కింద కుట్ల మచ్చ. నా చంకలోంచి జారి పడింది, నడకైనా సరిగ్గా రాని వయసు.”

“గడ్డం కిందా? ...వాళ్ళ నానమ్మకి చెవుడా? చేతికర్రతో నడుస్తుందా?”

“నీకెలా తెలుసు?”

“అరిచినట్టు మాట్లాడుతుందా?”

“అన్నా! నీకెలా తెలుసు?”

“ఆదివారం ఆదివారం వస్తారమ్మా. నీ కూతురు ఈ డబ్బాల్లోనే తిరుగుతుంది.”

“నా కూతురా? ఇక్కడా?”

“టికెట్టు చింపేది నేనేగా. వందమంది పిల్లలొస్తారు, ఆ పిల్ల ఒక్కతే నాకు గుర్తు. ఎక్కే ముందు నా చొక్కా పట్టుకు లాగి, ‘పైకెళ్ళాక కాసేపు ఆపుతారా అంకుల్’ అంటుంది. ఆపుతా. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ఎక్కిన ప్రతివాడూ కిందికి చూస్తాడమ్మా, మా ఇల్లు కనపడిందా, కోట కనపడిందా అని. ఆ పిల్ల పైకి చూస్తుంది. అద్దానికి మొహం ఆనించి, ఎడం చెయ్యి ఊపుతుంది. ఆకాశంలో ఎవరున్నార్రా అని నేనూ మా బామ్మర్దీ నవ్వుకునేవాళ్ళం. తెలియక నవ్వుకున్నాం తల్లీ.”

“అయ్యో... అయ్యో నా తల్లీ. నాకోసమే. నాకోసమే అన్నా!”

“ఏడువు. ఆపుకోకు, ఏడువు.”

“అది ఇక్కడ కూర్చుని నన్ను పైన వెతుక్కుంటుంటే, నేనిక్కడే కూర్చుని దాన్ని కింద వెతుక్కున్నా. ఒక్క ఆదివారం సెలవు అడిగుంటే... ఒక్కటంటే ఒక్క ఆదివారం!”

“బావా! బావా, వినపడుతోందా? ఇక్కడొక ముసలావిడా, పాపా వచ్చారు. మూసేస్తున్నాం అంటే వినట్లేదు. ఊరొదిలి పోతున్నారట, లారీ రోడ్డు మీద ఆపించి వచ్చారు. ఒక్క చుట్టు తిప్పితేగానీ ఊరు కదలనని ఆ పిల్ల గేటు పట్టుకుని ఒకటే ఏడుపు. మన ఆదివారం పిల్లే బావా.”

“అన్నా... అది నా బిడ్డేనా?”

“బావా? ఏం చెప్పమంటావ్?”

“గేటు తియ్! లోపలికి తీసుకొచ్చి నిలబెట్టు. మంచినీళ్ళివ్వు, టీ ఇవ్వు, నీ వెధవ జోకులు చెప్పు. ఏం చేస్తావో నాకు తెలియదు, పోనివ్వకు!”

“సరే సరే. అదిగో, సైరన్ మోగింది. దించేస్తున్నా.”

“వద్దు! ఆపించన్నా! నన్ను దించొద్దు!”

“గాలమ్మా. ఇంక ఆపితే ఇద్దరం పోతాం.”

“నన్ను చూస్తే జడుసుకుంటుంది. చచ్చిపోయినదాన్ని నేను! ఏడేళ్ళ పిల్ల, గుండాగిపోదూ? ఇంకోవైపు నుంచి దించు.”

“ఎక్కేదీ దిగేదీ ఒకటే గుమ్మమమ్మా.”

“కంట పడితే దొరకం అన్నాడు.”

“ఇప్పుడు దొరుకుతున్నారా ఏంటి? కంట పడకుండా ఏడాది దాక్కున్నావ్, ఏం ఒరిగింది? ఇంతకన్నా పోయేదేముంది నీకు?”

“శాలువా ఇలా కప్పుకుంటా. నువ్వు నా ముందు నడు. పక్కనుంచి వెళ్ళిపోతా. దగ్గర్నుంచి ఒక్కసారి చూసుకుంటా. నాకంతే చాలు.”

“నీకు చాలు. ఆ పిల్లకో?”

“నావల్ల కాదన్నా! భయమేస్తోంది. అది నన్ను చూసి కెవ్వుమని వెనక్కి పరిగెత్తిందనుకో, అప్పుడు నిజంగానే చచ్చిపోతా.”

“దగ్గరికొచ్చేశాం. అదిగో, గేటు పక్కన.”

“ఏదీ... ఎంత పొడుగైంది! చూడన్నా, ఎంత పొడుగైందో. పైనుంచి తెలియలేదు నాకు.”

“తలొంచుకుని దిగండి. బావా, బతికే ఉన్నావా? మొహం సున్నం కొట్టినట్టుందే!”

“వాగకుండా తలుపు పట్టుకో.”

“అబ్బాయ్! ఒక్క చుట్టు తిప్పవయ్యా, నీకు పుణ్యముంటుంది. వీళ్ళ నాన్న అక్కడ లారీలో కూర్చుని తిట్టిపోస్తున్నాడు. ఇదేమో కదలదు. తప్పుకోమ్మా, పిల్లని ఎక్కనియ్. నిన్నే, శాలువా కప్పుకున్నదానా, దారిలో అలా నిలబడిపోతావేం? ...నువ్వా! నువ్విక్కడికెలా... పాపా, ఇటు రా. అటు చూడకు. నా వెనక్కి రా!”

“అత్తయ్యా, నేను వెళ్ళిపోతున్నా. ఇదిగో, వెళ్ళిపోతున్నా. దాన్ని తిట్టకండి, నేను—”

“చూశావా నానమ్మా! పైన ఎక్కువసేపు ఆపితే అమ్మ ఆకాశంలోంచి ఇందులోకి ఎక్కడానికి టైముంటుందని నేను చెప్పలేదూ?”