రెండో అచ్చులో లేని పిడికెడు బియ్యం

పెద్దపల్లిలో ఓ వంటింట్లో తల్లి బియ్యం ఏరుతోంది. గడప మీద కూర్చున్న కూతురు ఇంటర్నెట్‌లోని విజ్ఞానకోశంలో చరిత్ర పుస్తకాల వివరాలు సరిచేస్తోంది.

“అవ్వా, మన చర్చి చరిత్ర పుస్తకం ఇండ్ల రెండుసార్లు ఎక్కిచ్చిండ్రు, పాతదొకటి, కొత్తదొకటి. పేరొకటే, రాసిన పాస్టరయ్య ఒక్కడే. రెండూ కలిపేస్తున్న.”

“పప్పు, అన్నం కలిపినట్టు కలపకు బిడ్డా. చర్చి ఎవలు కట్టిండ్రని ఉందో చూడు.”

“కొత్తదాంట్ల ఊరి దొర కట్టిచ్చిండని ఉంది.”

“పాతదాంట్ల?”

“జర ఆగు... ‘ఆడవాళ్లు పూటపూటకూ తీసిపెట్టిన పిడికెడు బియ్యం అమ్మి కట్టిరి.’ అరే, గిది కొత్తదాంట్ల లేనే లేదు!”

“మా అవ్వ మాకు గంజి పోసి తీసిపెట్టిన బియ్యం అవి.”

“మరి పాస్టరయ్య ఎందుకు తీసేసిండు?”

“రెండోసారి అచ్చు వేయించింది దొర మనుమడే.”

“కలిపితే పాతది పోయి కొత్తదే మిగుల్తది గదా అవ్వా.”

“అందుకే ఆగుమన్న.”

“సరే, వేరువేరు అచ్చులని పెడ్తున్న. రెండెందుకని అడుగుతరు మరి.”

“అడుగనియ్యి. అడిగినోళ్లే పాతది తెరుస్తరు.”

“ఎసరు మరుగుతుందవ్వా, బియ్యం కడిగి పొయ్యి.”

“ఉండు, పిడికెడు తియ్యనీ.”