నాన్న ఆటలు, అమ్మ టేపు

తల్లి దర్జీ, తండ్రి బడి వ్యాను నడుపుతాడు, ఇప్పుడు వెనక గదిలో కునుకు తీస్తున్నాడు. పొరుగూరి నుంచి హడావిడిగా వచ్చిన కూతురు కుట్టుమిషను పక్కన నిలబడి ఉంది.

"చేతులు దించు. అయిపోయింది."

"రాసుకోవా అమ్మా?"

"నీ జాకెట్టు కొలతలు నేను రాసుకోవాలా? అన్నీ ఇక్కడున్నాయి, తలలో."

"సరే. ఇప్పుడు వ్యాను తాళాలియ్యి."

"ఎందుకు?"

"నీకు తెలుసు ఎందుకో."

"బడి వదిలే వేళైంది. మీ నాన్న లేచి అడిగితే ఏం చెప్పను?"

"వేరే డ్రైవరు వెళ్తాడని చెప్పు. మేనేజరుతో నేను మాట్లాడతా. ఇదిగో, నా ఫోనులో ఈ గీత చూడు, నాన్న జ్ఞాపకానిది. వేసవిలో ఎక్కడుంది, ఇప్పుడెక్కడికి దిగింది?"

"గీత దిగితే కొంప మునిగిందా?"

"పెదనాన్నకి ఇలాగే మొదలైంది. ఆఖరికి కన్నకొడుకునే 'ఎవరు బాబూ' అన్నాడు. అందుకేగా నాన్న ఫోనులో ఈ యాప్ పెట్టింది? నడక, నిద్ర, ఈ జ్ఞాపకం ఆటలు. ముందే జాగ్రత్త పడదామనేగా?"

"యాప్ ఏమైనా డాక్టరా?"

"కాదు. డాక్టరుకి చూపించమని అదే మొత్తుకుంటోంది. బొమ్మ చూపించి మూసేస్తే ఏది ఎక్కడుందో చెప్పలేకపోతున్నాడమ్మా. అలాంటి మనిషి వెనక వ్యాను నిండా పిల్లలు."

"ఒక్క పిల్లనీ ఒక్క రోజూ తప్పు గుమ్మంలో దించలేదు."

"రేపు దించితే?"

"వ్యాను లాక్కుంటే ఆ మనిషి బతకడే. టేపు ఏదీ?"

"నీ మెళ్లోనే ఉంది. మాట దాటెయ్యకు. నాకు మాత్రం సరదానా? బస్సులో దారిపొడుగునా ఏడుస్తూ వచ్చాను."

"ఆ చొక్కా లాగకు. నలుగుతుంది."

"ఇదేంటి, రెండు చేతులూ ఒకే వైపువి కోశావు?"

"లైటు సరిగ్గా లేదులే. ఇటియ్యి."

"తాళాలియ్యమ్మా. లేదంటే మేనేజరుకి ఇప్పుడే ఫోన్ చేస్తా."

"ఆగు. ఫోను కింద పెట్టు. చెప్తా, అరవనంటేనే."

"చెప్పు."

"ఆ ఆటలు మీ నాన్న ఆడలేదు."

"అంటే?"

"నడక ఆయనదే, ఫోను జేబులో ఉంటుందిగా. ఆటలు మాత్రం మొదటి రోజే చీదరించుకున్నాడు, పిల్లకాయల ఆటలు నాకెందుకని. నువ్వేమో అక్కడ కూర్చుని రోజూ చూసుకుంటావు. బెంగ పెట్టుకుంటావని..."

"అని?"

"నేనే ఆడేదాన్ని."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. ఒక్క రోజు మానలేదు. తప్పే, తిట్టు. కానీ మీ నాన్న నిక్షేపంలా ఉన్నాడు. ఇంక తాళాలడగవుగా?"

"ఆటలన్నీ నువ్వే ఆడితే... ఈ గీత..."

"దాని సంగతి వదిలెయ్యి. మీ నాన్నకేం లేదంటుంటే ఏడుస్తావేంటే?"

"అమ్మా. ఇలా వచ్చి కూర్చో. నా పక్కన."

"కూర్చోడానికి తీరికెక్కడిది? లే, నిలబడు. చేతులు చాపు. వచ్చిన దగ్గర్నుంచీ కబుర్లతోనే సరిపోయింది, నీ జాకెట్టుకి కొలతలే తీసుకోలేదు."