తిప్పి చూడని రూపాయి

కొక్కేలు కోసేస్తే ఇవి మల్ల మామూలు రూపాయలైతయా, రామ్‌సింగ్ తమ్మీ? కావు. టంకం పడ్డ మచ్చ పోదు, ఆకురాయి గీసిన జాడ పోదు. కోడళ్లకు పంచుత, విడగొట్టియ్యి అంటున్నవ్. నీ భార్య మెడల ఎన్నేండ్లున్న రూపాయల దండ ఇది! రూప్లి పోయి నెల గూడ కాలే, ఏం తొందరొచ్చింది నీకు?

సరే, నాకెందుకు. నీ సొమ్ము, నీ ఇష్టం. గని జర కూసో. నీకొక మాట చెప్పాలె.

ఇప్పుడు నా దుకాణానికి వెండి పనికి వచ్చేటోళ్లు తక్కువ, వంకర రూపాయలు తెచ్చేటోళ్లు ఎక్కువ. ఫోన్ల ఎవడో చెప్తడంట, రూపాయలు అచ్చేసే కార్ఖానాల తప్పు పడ్డ బిళ్ల దొరికితే లక్షలని. కారేపల్లి నుంచి ఒకడు రైలు పట్టా మీద పెట్టి నలగ్గొట్టింది తెచ్చిండు. కల్లూరాయన పొయ్యిల నల్లబడ్డది తెచ్చిండు. ఇంకొకడు అంచు జర పక్కకు జరిగిందంటడు. అట్ల జరిగినయి నీ జేబుల గూడ ఉంటయి, అదేం వింత? పుట్టుకతోటి వచ్చిన తప్పు వేరు, బయట తిన్న దెబ్బ వేరు అని చెప్పి చెప్పి నోరు నొప్పి పెడ్తున్నది.

మీ రూప్లి గూడ ఒకనాడు వచ్చింది, యాదున్నదా? నువ్వు బస్సు డ్యూటీ దిగి చిల్లర బ్యాగు కుమ్మరిస్తే అండ్ల దొరికిందంట. బదులు తన రూపాయి వేసి అది తీసుకున్నదంట. ఒక దిక్కు సింహాలు ఉబ్బి ఉన్నయి. ఇంకో దిక్కు గూడ అవే సింహాలు, గని లోపలికి గుంట పడి, అద్దంల చూసినట్టు తిరగబడి ఉన్నయి.

నేను ఆ గుంట దిక్కే చూసిన. రెండు రూపాయలు కలిపి ఇనుప దవడల వైస్‌ల బిగిస్తే గిట్లనే అయితది, ఎవడో ఆకతాయి పని అని నవ్విన. దుకాణంల నలుగురున్నరు, వాళ్లు గూడ నవ్విన్రు. 'లేదు జానీ భాయ్, ఇది పుట్టుడే గిట్ల పుట్టింది' అన్నదామె. భద్రాచలం పోయినప్పుడు బ్రిడ్జి మీదికెళ్లి గోదారిల వెయ్యమ్మా, పుణ్యమన్న వస్తదన్న.

వేసింది గద. నువ్వు పక్కనే ఉంటివి. ఆ తర్వాత ఇంట్ల అందరు ఆమెను లక్షాధికారి, లక్షాధికారి అని ఎక్కిరిచ్చిన్రంట. ఎన్ని రోజులు? మొన్న దవాఖానాకు తీస్కపోయేదాకనా? తల దించకు తమ్మీ, నేను నిన్ను అంటలే.

పోయిన వారం వరంగల్ నుంచి పాత నాణేలు కొనేటాయన వచ్చిండు. వచ్చిన ప్రతి బిళ్లకు మా దుకాణం పిలగాడు రెండు దిక్కుల ఫోటో తీసి పెడ్తడు. నా ఫోన్ల అవి చూసుకుంట చూసుకుంట రూప్లిది కనబడంగనే ఆగిపోయిండు. వైస్‌ల బిగిస్తే అవతలి దిక్కు నలగాలె గద మియా, అన్నడు. నేను అప్పుడు చూసిన, ఆ ఉబ్బిన దిక్కు ఫోటో. సింహం జూలు గీతలు లెక్కపెట్టొచ్చు, అంత సాఫ్. గుంట దిక్కు రూపాయి అంకె జాడ గూడ లేదు. ముందటి బిళ్ల అచ్చుల ఇరుక్కపోతే, దాని మీద ఇంకోటి పడితే గట్ల పుడ్తదంట. అసలుది తమ్మీ. ఎక్కడున్నది, ఇయ్యాలనే కొంట అన్నడు. గోదారిల ఉన్నదని చెప్పిన.

ఎంతకు పోతుండెనో నన్ను అడగకు. లక్షలైతే కాదు. గని ఆమె మాట నిలబడుతుండె. ఆమె బతికుండంగ నిలబడుతుండె.

తాత నాటి నుంచి ఇదే పని మాది. ఒక్క రూపాయిని తిప్పి చూడనీకి ఎంత సేపు? నమాజుకు టైమైతుండె, అందుకే సరిగ చూడలే అని వారం నుంచి నాకు నేను చెప్పుకుంటున్న. అబద్ధం. ఆమె వచ్చింది పొద్దున పది గంటలకు, అప్పుడేం నమాజు?

చదువు రాని తండా ఆమె, ఈమె చేతికి అసలుది ఎట్లొస్తది అనుకున్న. అందుకే తిప్పలే.