ముత్తమ్మ అడిగిన వాక్యం

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహించిన ధర్మేందర్ గారికి, సూర్యాపేట, కోదాడ క్రైస్తవ సంఘాల నుంచి ఎండనపడి వచ్చిన పెద్దలకు, మా మిర్యాలగూడ సంఘపు సహోదరీ సహోదరులకు, ఇంతసేపూ నాకే తెలియని నా సద్గుణాలను వర్ణించిన వక్తలకు వందనాలు. తెలుగు పండితునిగా అతిశయోక్తి అలంకారాన్ని ఎన్నో ఏళ్లు పాఠం చెప్పాను గాని, దానికి నేనే ఉదాహరణనవుతానని ఈ పూటే తెలిసింది. (నవ్వులు)

బడి ఉద్యోగం ముగిశాక ఈ సంఘానికి కాపరిగా ఉన్న కాలమంతా మీరు నన్ను భరించారు. ఆ కృతజ్ఞత చెప్పుకొని కూర్చుందామనే వచ్చాను. కాని కొన్నాళ్లుగా నన్ను నిలువనీయని దిగ్భ్రాంతి ఒకటుంది. దానిని లోపల దాచుకొని మీ శాలువా కప్పించుకోలేను.

నిడమనూరు ముత్తమ్మను మీలో చాలామంది ఎరుగుదురు. వాడపల్లి నుంచి సిమెంటు లారీ నడిపే ఆమె కొడుకు సంపత్ ఈ మధ్యనే రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆ ఇంట జరిగిన ఆదరణ కూడికకు నేను జ్వరంతో వెళ్లలేకపోతే, నా తర్వాత కాపరి కానున్న ప్రేమ్‌కుమార్ వెళ్లి వాక్యం చెప్పాడు. యేసుప్రభువు తిరిగి లేచిన ఉదయాన మొట్టమొదట తల్లి గుమ్మం తొక్కాడని, 'అమ్మా, ఆకలవుతోంది' అన్నాడని, ఆమె రొట్టె విరిచి నోటికందిస్తూ ఆ చేతి గాయాలను కొంగుతో తుడిచిందని చెప్పాడు. విన్నవారంతా కన్నీరు పెట్టుకున్నారు.

కోలుకున్నాక నేను పరామర్శకు వెళ్లాను. సంధ్యవేళ తలుపులు బార్లా తెరిచి, పీట వేసి, కంచంలో అన్నం వడ్డించి కూర్చుని ఉంది. 'ఎవరికమ్మా?' అన్నాను.

'సంపత్‌కు అయ్యగారు. ప్రభువు అమ్మ తానకు వచ్చి తిన్నడు గద! నా కొడుకు గూడ వస్తడు. గా వాక్యం జర సదువుండ్రి, మల్లొక్కపారి ఇంట.'

పరిశుద్ధ గ్రంథం చేతిలోకి తీసుకొని నిర్ఘాంతపోయాను. ఆ ఘట్టం సువార్తల్లో ఎక్కడా లేదు!

ప్రేమ్‌కుమార్‌ను అడిగితే, ఎవరో ఫోన్‌కు పంపిన వీడియోలో విన్నానన్నాడు. ఆరా తీస్తే, అది ఇప్పుడు అందరూ ఎగబడి చదువుతున్న ఒక నవలలోనిది. పేరు చెప్పను, చెబితే సభ ముగిసేలోగా సగం మంది తెప్పించుకుంటారు. (నవ్వులు) నేను తెప్పించుకొని తుదకంటా చదివాను. రాసినవాడు చేయి తిరిగినవాడు. మూలంలో లేని ఘట్టాలు కల్పించి మూలానికే వన్నె తెచ్చిన పూర్వకవులను నెత్తిన పెట్టుకున్నవాణ్ణి. కల్పన అంటే గిట్టనివాణ్ణి కాను. కాని అయ్యలారా, ఆ నవలలో తరువాతి అధ్యాయం ఏమిటో తెలుసా? ఆ తల్లికి మెలకువ వస్తుంది. కొడుకు రాలేదు. అదంతా కల. ప్రభువు లేవనే లేదు!

పునరుత్థానమే లేదంటున్న పుస్తకంలోని ముక్కను, పునరుత్థానానికి సాక్ష్యమని చెప్పి, కడుపుకోతతో ఉన్న తల్లి చేతిలో పెట్టి వచ్చాం. ఆ కూడికలో సంఘ పెద్దలున్నారు, బైబిలు తరగతులు నడిపేవారున్నారు. ఒక్కరికైనా అనుమానం రాలేదు!

ప్రేమ్‌కుమార్, తల దించుకోకు నాయనా. నవలాకారుడు అట్ట మీద నవల అనే వేసుకున్నాడు. ఆ అట్ట చించి వాక్యమన్నది మనం. ఆ పుస్తకాన్ని బస్టాండు దగ్గర తగలబెడదామని కోదాడ పెద్దలొకరు సలహా ఇచ్చారు. అయ్యా, అంతకంటే సువార్త చదవడం సుళువు. (నవ్వులు)

పోయిన వారం వెళ్లి ముత్తమ్మకు నిజం చెప్పాను. వేసి ఉంచిన ఆ పీట తీసి గోడకు ఆనించింది. తర్వాత, 'అయితే ప్రభువు అమ్మను గట్లనే ఇడిసిపెట్టిండా?' అంది. లేదమ్మా, సిలువ మీద నుంచే ఆమెను శిష్యుడికి అప్పగించాడు, అప్పటి నుంచి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు, ఇది ఉన్న మాట అని చదివి వినిపించాను. ముత్తమ్మ నన్ను సూటిగా చూసింది.

'మంచిగుంది అయ్యగారు. మరి నన్నెవలకు అప్పజెప్పిండు? కూడికల అన్నం తిని, పాటలు పాడి, అందరు ఆటోలెక్కిన్రు. గప్పటిసంది మీరు తప్ప ఒక్కలు తొంగి సూడలే.'

నవల నన్ను దిగ్భ్రాంతుణ్ణి చేసింది. ఈ మాట నిలువునా కూల్చింది. ఉన్న వాక్యాన్ని ఆచరించే ఇల్లొక్కటీ కనబడక ఆ తల్లి లేని వాక్యాన్ని పట్టుకొని కూర్చుంది. ఆ నవలకు మనం జవాబు రాయాలని మూడు ఊళ్ల పెద్దలూ నన్ను కోరారు. నేను రాయను. ఇక్కడే అడుగుతున్నాను: ముత్తమ్మ దగ్గరికి ఎవరు వెళ్తారు?

(స్త్రీల సమాజం అచ్చమ్మ లేచి: 'నేను పోత అయ్యగారు. మా ఇంటికే తోల్కొస్త. జర మీటింగ్ గానియ్యుండ్రి.')

మీటింగ్ అయిపోయింది, అచ్చమ్మా! ఎవరైనా ఆటో పిలవండి; నేనూ, నా భార్య లీలావతీ కూడా ఎక్కుతాం. మా కోసం భోజనాలు ఆపకండి. నన్నింతకాలం మోసిన మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.