మంగళవారం కాలిక్యులస్

ఫ్రెస్నోలో ఒక వంటిల్లు. పెనం మీద టోర్టియా రొట్టెలు కాలుస్తున్న తల్లి, కమ్యూనిటీ కాలేజీ కోర్సుల కాగితం ముందేసుకున్న కూతురు.

"మొదటి కాలిక్యులస్ ఈ సెమిస్టర్లో వేశావు. రెండోది ఎక్కడే?"

"వచ్చే ఏడాదిలే అమ్మా."

"అది కూడా పూర్తయితేగానీ యూనివర్సిటీలో బిజినెస్ ఎకనామిక్స్ సీటు ఇవ్వరని నువ్వేగా అన్నావు? ఊరికే ఏడాది పోతుంది కదా!"

"వచ్చే సెమిస్టర్లో ఆ క్లాసు లేదు."

"ఎందుకు లేదు? మంగళవారం, గురువారం మధ్యాహ్నం రెండింటికి ఉంది. టైంటేబుల్ నేనూ చూశాను."

"ఆ రెండు రోజులూ నీకు డయాలసిస్ కదమ్మా. నిన్నెవరు తీసుకెళ్తారు?"

"అదా సంగతి! పిచ్చిదానా, పక్కింటి సొకోరోతో నెల కిందటే మాట్లాడి పెట్టాను. ద్రాక్షతోటలో పని దిగగానే తన ట్రక్కులో తీసుకెళ్తుంది. దారంతా దాని పాటలు వినాలి, అంతే."

"ఆవిడ డ్రైవింగ్‌కి నీ బీపీ పెరుగుతుంది."

"నీ చదువు ఆగితే అంతకన్నా పెరుగుతుంది. రాయి."

"సరే, రాస్తున్నా."

"పెన్సిలు పక్కన పెట్టి పెన్నుతో రాయి. లేకపోతే నేనలా కునుకు తీయగానే చెరిపేస్తావు."